వేడి ఎక్కడ ఆగిపోతోంది? స్పోర్ట్స్ కారు ఇంజిన్‌లో శీతలీకరణ లోపాల నిర్ధారణ

పెట్రోలు ఇంజిన్‌లో ఇంధనం మండినప్పుడు వెలువడే శక్తిలో చక్రాలను తిప్పడానికి అక్కరకు వచ్చేది స్థూలంగా మూడో వంతు. ఇంచుమించు మరో మూడో వంతు పొగగొట్టం గుండా బయటికి పోతుంది, మిగిలినదానిలో అధిక భాగం సిలిండర్ గోడలనూ, వాటిని పైనుంచి మూసి ఉంచే సిలిండర్ హెడ్‌నూ, పిస్టన్లనూ వేడెక్కిస్తుంది. దహన వాయువుల ఉష్ణోగ్రత క్షణకాలం పాటు 2000 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుండగా, వాటిని చుట్టి ఉన్న అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరిగిపోతుంది, అంతకు ఎంతో ముందే బలం కోల్పోయి వంగడం మొదలుపెడుతుంది. ఇంతటి వేడి పక్కన ఆ లోహం నిలబడగలుగుతున్నదంటే, పుట్టిన వేడి పుట్టినట్టే ఆగకుండా బయటికి తరలిపోతున్నందువల్లనే. డాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత సూచించే ముల్లు పైకి జరిగినప్పుడు, పుట్టే వేడికీ పోయే వేడికీ మధ్య ఉన్న సమతుల్యం చెడిందని మాత్రమే తెలుస్తుంది. అది ఏ మజిలీలో చెడిందో ముల్లు చెప్పలేదు. ఆ మజిలీని గుర్తించడానికి ఒక్క అంకె చాలదు, రెండు చోట్ల మధ్య, రెండు వేగాల మధ్య, రెండు సమయాల మధ్య ఉష్ణోగ్రతలోనూ పీడనంలోనూ కనిపించే తేడాలు కావాలి. శీతలీకరణ లోపాల నిర్ధారణ అంటే సారాంశంలో ఈ తేడాలను చదవడమే.

గాలి నుంచి ద్రవానికి

తొలితరం మోటారు వాహనాల్లో నీరు మరిగి ఆవిరైపోతూ ఉంటే మళ్లీ మళ్లీ పోసుకోవలసి వచ్చేది. 1900లో విల్‌హెల్మ్ మైబాక్ రూపకల్పన చేసిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారులో తేనెపట్టు రేడియేటర్ ఈ స్థితిని మార్చింది. 6 మిల్లీమీటర్ల చదరపు నోరు గల 8,070 చిన్న గొట్టాలను పక్కపక్కనే అమర్చి, వాటిలోంచి గాలి, వాటి చుట్టూ నీరు ప్రవహించేలా చేయడంతో గాలికి తగిలే ఉపరితలం విపరీతంగా పెరిగి, సుమారు 9 లీటర్ల నీటితోనే ఆ శక్తిమంతమైన ఇంజిన్‌ను చల్లగా ఉంచడం సాధ్యమైంది. నేటి రేడియేటర్లలో ద్రవం గొట్టాల లోపల, గాలి బయట ప్రవహిస్తున్నప్పటికీ, కొద్ది ద్రవాన్ని ఎక్కువ ఉపరితలానికి పరచాలన్న సూత్రం మారలేదు.

స్పోర్ట్స్ కార్లలో ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి పోర్షా 911 కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన ఈ కారులో, మూడేసి చొప్పున రెండు వైపులా పడుకోబెట్టిన ఆరు సిలిండర్ల ఇంజిన్ వెనుక చక్రాలకు కూడా వెనుక ఉంటుంది. మూడు దశాబ్దాలకు పైగా దానిని చల్లబరచింది బెల్టుతో తిరిగే ఒక పెద్ద ఫ్యాను, ఇంజిన్ ఆయిల్. అయితే సిలిండర్‌కు నాలుగు కవాటాలు పెట్టి శక్తిని పెంచదలచినప్పుడు, నిష్కాస కవాటాల చుట్టూ కిక్కిరిసిన వేడిని గాలి ఒక్కటే తీసుకుపోలేదని తేలింది. అందువల్ల 1978 నాటి 935 పందెపు కారులోనూ, ఆ తరువాత 959లోనూ సిలిండర్ హెడ్‌లకు మాత్రం ద్రవ శీతలీకరణ వచ్చింది. శబ్దంపైనా ఉద్గారాలపైనా నియమాలు బిగుస్తున్న కాలంలో, 1997లో వెలువడిన 996 తరం 911 పూర్తిగా ద్రవంతో చల్లబడే ఇంజిన్‌తో వచ్చింది. ఇంజిన్ వెనుక ఉండగా రేడియేటర్లు ముందు చక్రాల ఎదుట చెరొక పక్కన ఉన్నందున, 20 లీటర్లకు పైగా ఉన్న శీతలద్రవం కారు పొడవునా పోయి రావలసి ఉంటుంది. పైపులు ఎంత పొడవైతే గాలి చిక్కుకునే మలుపులు, కారే కీళ్లు, గమనించవలసిన చోట్లు అంతగా పెరుగుతాయి.

వేడి ప్రయాణించే దారి

దహన వాయువు నుంచి లోహానికి, లోహం నుంచి ద్రవానికి, ద్రవం నుంచి రేడియేటర్ రెక్కలకు, రెక్కల నుంచి గాలికి వేడి వరుసగా చేతులు మారుతుంది. మెకానిక్కులు కూలెంట్ అని పిలిచే శీతలద్రవం సాధారణంగా నీరు, ఇథిలీన్ గ్లైకాల్ సమపాళ్లలో కలిసిన మిశ్రమం. తుప్పును అడ్డుకునే రసాయనాలు కూడా అందులో ఉంటాయి. గ్లైకాల్ మరిగే స్థానాన్ని పెంచి, గడ్డకట్టే స్థానాన్ని సుమారు మైనస్ 37 డిగ్రీలకు దించుతుంది గానీ, వేడిని మోసే సామర్థ్యంలో నీటికి సాటిరాదు. కాబట్టి కూలెంట్‌లో గ్లైకాల్ పాలు ఎంత పెంచితే ఇంజిన్ అంత చల్లగా ఉంటుందన్న అభిప్రాయం సరికాదు. మరిగే స్థానాన్ని ఇంకా పైకి నెట్టేది మూత. స్ప్రింగు బిగింపుతో వ్యవస్థలో వాతావరణ పీడనం కంటే ఒక బార్ ఎక్కువ పీడనాన్ని నిలిపితే, మామూలు నీరు సైతం 120 డిగ్రీల దాకా మరగదు. సమపాళ్ల మిశ్రమమైతే 125 డిగ్రీలు దాటుతుంది.

మరగడం అన్ని వేళలా హానికరం కాదు. నిష్కాస కవాటాల దగ్గరి వేడి గోడల మీద చిన్న చిన్న బుడగలు పుట్టి, చుట్టూ ఉన్న చల్లని ద్రవంలో వెంటనే అణగిపోతూ ఉన్నంతవరకు, అవి వేడిని మరింత చురుకుగా తీసుకుపోతాయి. గోడ ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే బుడగలన్నీ కలిసి ఆవిరి పొరగా పరచుకుంటాయి. బాగా కాలిన పెనం మీద నీటి చుక్క ఇగిరిపోకుండా దొర్లుతున్నట్టే, ఆ పొర ద్రవాన్ని లోహానికి తాకనివ్వదు. ఆవిరికి ఉష్ణ వాహకత స్వల్పం కనుక అక్కడి లోహం క్షణాల్లో మరింత వేడెక్కి, హెడ్ వంగడానికో చీలడానికో దారితీస్తుంది. మూత బిగింపు సడలడం చూడటానికి అల్పమైన లోపమే అయినా, పీడనం తగ్గితే ఈ ప్రమాదకర దశ ముందుగానే వస్తుంది.

ద్రవాన్ని నడిపించేది వాటర్ పంపు, దాని దారిని నిర్ణయించేది థర్మోస్టాట్. థర్మోస్టాట్‌లో లోహపు గుల్లలో బిగించిన మైనం ఒక నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద, చాలా కార్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య, కరిగి వ్యాకోచించి కవాటాన్ని నెడుతుంది. అప్పటిదాకా ఇంజిన్ లోపలే తిరుగుతున్న ద్రవం రేడియేటర్ దారి పడుతుంది. ఈ పని పరిమాణం ఒక లెక్కతో తెలుస్తుంది. 300 అశ్వశక్తుల, అంటే సుమారు 220 కిలోవాట్ల ఇంజిన్ పూర్తి శక్తితో నడుస్తున్నప్పుడు ద్రవంలోకి చేరే వేడి 150 కిలోవాట్లు ఉందనుకుంటే, రేడియేటర్‌లోకి వెళ్లేటప్పటికీ తిరిగి వచ్చేటప్పటికీ 10 డిగ్రీల తేడాతో దానిని మోయాలంటే సెకనుకు సుమారు 4 లీటర్ల ప్రవాహం అవసరం. అదే కారు రహదారిపై గంటకు 90 కిలోమీటర్లతో నిలకడగా సాగుతున్నప్పుడు ఇంజిన్ ఇవ్వవలసిన శక్తి ఇందులో పదో వంతు కూడా ఉండదు. రోజువారీ ప్రయాణంలో ఏ లోపమూ కనిపించని కారు పందెపు ట్రాక్ మీద రెండు మూడు చుట్లలోనే వేడెక్కడానికి మూలం ఈ వ్యత్యాసమే.

ముల్లు చెప్పేది ఎంతవరకు నమ్మాలి?

ఉష్ణోగ్రతను గ్రహించే సెన్సర్ వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే పదార్థంతో తయారవుతుంది. పాత కార్లలో ఈ మార్పు నేరుగా ముల్లును కదిలించేది. తరువాతి కార్లలో చాలావాటిలో, ముల్లు చిన్నచిన్న కదలికలకే యజమానులు ఆందోళన చెందకుండా, మామూలు పరిధిలో ఉష్ణోగ్రత ఎంత మారినా ముల్లు మధ్యలోనే నిలిచేలా ఏర్పాటు చేశారు. అందువల్ల ముల్లు కదిలే సమయానికి పరిస్థితి చాలా దూరం వచ్చి ఉండవచ్చు. 1996 మోడల్ సంవత్సరం నుంచి అమెరికాలో తప్పనిసరి అయిన ఓబీడీ-2 వ్యవస్థ ద్వారా, స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలిస్తే, ఇంజిన్ కంప్యూటర్ చూస్తున్న ఉష్ణోగ్రతను డిగ్రీలలోనే చదవవచ్చు. నిర్ధారణలో మొదటి పని ముల్లును పక్కనపెట్టి ఈ అంకెను నమోదు చేయడం.

ఆ అంకెకూ పరిమితి ఉంది. సెన్సర్ తనను తాకిన పదార్థపు ఉష్ణోగ్రతనే చెబుతుంది. ద్రవం కారిపోయి సెన్సర్ గాలిలో మిగిలితే, లోహం మాడిపోతున్నా అంకె తగ్గవచ్చు. కారు నడుస్తుండగా ఉష్ణోగ్రత బాగా పెరిగి ఒక్కసారిగా పడిపోతే అది ఊరటగా భావించవలసిన సంగతి కాదు, ఇంజిన్‌ను తక్షణం ఆపవలసిన సూచన. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో ఉదయం స్టార్ట్ చేయకముందు సెన్సర్ చూపే అంకె, బయటి గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. అలా లేకపోతే ముందుగా సెన్సర్‌నూ దాని తీగలనూ పరీక్షించాలి.

ఏ పరిస్థితిలో వేడెక్కుతోంది?

సెన్సర్ నిజం చెబుతున్నదని తేలాక, వేడి పెరిగే సందర్భాన్ని గమనించడమే అన్నిటికంటే ఫలవంతమైన పరీక్ష. ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ఉష్ణోగ్రత పెరిగి, వేగం అందుకోగానే తగ్గితే, ద్రవ ప్రవాహం బాగానే ఉండి గాలి ప్రవాహం చాలడం లేదని అర్థం. కారు కదలికే గాలిని నెట్టే వేళ లోపం మాయమవుతున్నది కాబట్టి అనుమానం ఫ్యాను మీదికి పోతుంది. 996లో ఫ్యాన్లకు రెండు వేగాలు ఉంటాయి. తక్కువ వేగాన్ని ఇచ్చే రెసిస్టర్ కాలిపోతే, ఫ్యాను ఎక్కువ వేగం అవసరమయ్యేదాకా కదలదు. ఏసీ వేస్తే ఫ్యాన్లు తక్కువ వేగంతో తిరగవలసి ఉంటుంది కనుక, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ స్విచ్ నొక్కి, రెండు పక్కలా చెవి పెట్టి వింటే ఈ లోపం ఏ పరికరమూ లేకుండా బయటపడుతుంది. గాలితో చల్లబడే పాత 911లో ఇదే ప్రశ్నకు జవాబు మరొక చోట దొరుకుతుంది: ఆ కార్లలో చాలాకాలం ఫ్యాను, ఆల్టర్నేటర్ ఒకే ఇరుసు మీద ఒకే బెల్టుతో తిరిగేవి కాబట్టి, నడుస్తుండగా బ్యాటరీ దీపం వెలిగితే బెల్టు తెగి చల్లబరిచే గాలి కూడా ఆగిపోయి ఉండవచ్చునని గ్రహించి వెంటనే నిలపాలి.

ఇందుకు విరుద్ధంగా, నిలిచి ఉన్నప్పుడు స్థిరంగా ఉన్న ఉష్ణోగ్రత వేగం పెరిగేకొద్దీ ఎక్కితే, గాలి సమృద్ధిగా ఉన్నా వేడి రేడియేటర్‌దాకా చేరడం లేదనో, చేరినా గొట్టాల లోపలి మడ్డి వల్ల బయటికి పోవడం లేదనో భావించాలి. రెక్కలు అరిగిన లేదా విరిగిన పంపు చక్రం, సగమే తెరుచుకునే థర్మోస్టాట్, పంపు లాగుడుకు లోపలికి నొక్కుకుపోయే మెత్తబడిన హోసు ఈ వర్గంలోకి వస్తాయి. ట్రాక్ మీద పూర్తి శక్తి వాడినప్పుడు మాత్రమే వేడెక్కితే, ఏ భాగమూ చెడిపోకపోయినా వ్యవస్థ సామర్థ్యం అంచుకు చేరిందని అర్థం కావచ్చు. అప్పుడు గాలి వచ్చే దారిని పరిశీలించాలి. 996లో ఏసీ కండెన్సర్ వెనుకనే రేడియేటర్ ఉన్నందున, ముందు నోటిలోంచి దూరిన ఆకులు, ప్లాస్టిక్ ముక్కలు, దుమ్ము ఆ రెండింటి మధ్య పేరుకుని బయటికి కనిపించకుండా ఉండిపోతాయి. బంపర్ విప్పి, వాటిని వేరు చేసి చూసేదాకా లోపం దొరకదు. రేడియేటర్ చుట్టూ ఉండే రబ్బరు, స్పాంజి అంచులు ఊడిపోయినా గాలి రెక్కల మధ్య ఇరుకైన దారిని వదిలి పక్కల సందుల్లోంచి జారిపోతుంది.

ఉష్ణోగ్రత క్రమం లేకుండా పైకీ కిందికీ ఊగుతూ, హీటరు ఒకసారి వేడి గాలిని, ఒకసారి చల్లగాలిని ఇస్తుంటే, వ్యవస్థలో గాలి చిక్కుకుని ఎయిర్ లాక్ ఏర్పడిందని అనుమానించాలి. పొడవైన పైపులున్న కారులో కూలెంట్‌ను పైనుంచి పోసినంత మాత్రాన గాలి అంతా బయటికి రాదు. ముందుగా వ్యవస్థలోని గాలిని వ్యాక్యూమ్ పంపుతో లాగివేసి, ఆ శూన్యంలోకి కూలెంట్‌ను పీల్చుకోనిచ్చే పద్ధతి ఇందువల్లనే వాడుకలోకి వచ్చింది.

రెండు చోట్ల కొలిచినప్పుడు

సందర్భం దారి చూపాక కొలత దానిని రుజువు చేయాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, నిమిషానికి 2000 నుంచి 2500 చుట్ల మధ్య నిలిపి, రేడియేటర్‌లోకి వెళ్లే పైపు, బయటికి వచ్చే పైపు ఉష్ణోగ్రతలను పోల్చాలి. రెండింటి మధ్య తేడా అసాధారణంగా పెద్దదైతే, ద్రవం నెమ్మదిగా కదులుతూ రేడియేటర్‌లో ఎక్కువసేపు నిలుస్తున్నట్టు, అంటే పంపు గానీ దారి గానీ చెడినట్టు. రెండూ ఇంచుమించు సమానంగా, రెండూ మితిమీరిన వేడితో ఉంటే, ద్రవం పరిగెత్తుతున్నా గాలి ఆ వేడిని తీసుకోవడం లేదన్నమాట. ఇంజిన్ కాగుతున్నా రెండు పైపులూ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకునే ఉందని గానీ, గాలి అడ్డుపడిందని గానీ తెలుస్తుంది. 996 వంటి కారులో ఎడమ, కుడి రేడియేటర్లకు ద్రవం విడివిడిగా చీలి వెళుతుంది కనుక, ఒకదానిని మరొకదానితో పోల్చే వీలు నిర్మాణంలోనే ఉంది. ఒక పక్క మాత్రమే భిన్నంగా ఉంటే పంపునూ థర్మోస్టాట్‌నూ అనుమానించవలసిన అవసరం చాలావరకు తొలగిపోతుంది.

దూరం నుంచి కొలిచే పరారుణ థర్మామీటర్‌ను వాడేటప్పుడు ఒక భౌతిక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. ఆ పరికరం కొలిచేది వస్తువు వెదజల్లే వికిరణాన్ని. నల్ల రబ్బరు పైపు తన ఉష్ణోగ్రతకు తగిన వికిరణాన్ని దాదాపు పూర్తిగా ఇస్తుంది గానీ, మెరిసే అల్యూమినియం అందులో చిన్న భాగమే ఇచ్చి, మిగతాది పరిసరాల నుంచి ప్రతిఫలిస్తుంది. అందువల్ల 95 డిగ్రీల లోహపు గొట్టం ఎంతో తక్కువగా కనిపించి పరీక్షకుణ్ణి తప్పుదారి పట్టించవచ్చు. కొలిచే చోట నల్లని టేపు ముక్క అంటించి, దాని మీద కొలిస్తే ఈ దోషం తొలగిపోతుంది.

పీడనం బయటపెట్టే సంగతులు

కూలెంట్ మట్టం తగ్గుతున్నా నేల మీద చుక్క కనిపించకపోతే పీడన పరీక్ష అవసరం. చల్లారిన ఇంజిన్‌కు మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత పీడనం ఎక్కించి, 15 నిమిషాలు చూడాలి. పీడనం పడిపోతే ఎక్కడో కారుతోంది. వేడి మీద ఉన్న వ్యవస్థ మూతను మాత్రం ఎన్నడూ విప్పకూడదు. పీడనం ఒక్కసారిగా తొలగితే, 100 డిగ్రీలు దాటి ఉన్న ద్రవం అప్పటికప్పుడే ఆవిరిగా మారి మనిషి మీదికి చిమ్ముతుంది.

స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంజిన్ ఇంకా వేడెక్కకముందే, పై హోసు రాయిలా గట్టిపడి, కూలెంట్ ట్యాంకులో ఎడతెగని బుడగలు వస్తే, ఆ పీడనానికి కారణం వేడి కాదు. సిలిండర్‌కూ కూలెంట్ దారికీ మధ్య అడ్డుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతినో, హెడ్ చీలో దహన వాయువు లోపలికి చొరబడుతోందన్నమాట. దీనిని రసాయనికంగా నిర్ధారించవచ్చు: ట్యాంకు పైనున్న గాలిని నీలిరంగు బ్రోమోథైమాల్ బ్లూ ద్రావణం గుండా లాగినప్పుడు, అందులో దహనం వల్ల వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఉంటే ద్రావణం ఆమ్లగుణం పొంది పసుపు రంగుకు మారుతుంది. ఏ సిలిండర్‌లో లోపం ఉన్నదో తెలియడానికి, ఒక్కొక్క సిలిండర్‌లోకి సంపీడిత గాలిని పంపి, ఎంత శాతం తప్పించుకుంటోందో, కూలెంట్ ట్యాంకులో బుడగలు లేస్తున్నాయో చూస్తారు. ట్యాంకులో ఆయిల్ కలిసిన చిక్కటి మడ్డి కనిపించినప్పుడు హెడ్ చీలిందని వెంటనే తీర్మానించకూడదు. 996లో ఇంజిన్ పైభాగాన ఉండే ఆయిల్ కూలర్‌లో ఆయిల్, కూలెంట్ పలుచని లోహపు గోడకు అటూ ఇటూ ప్రవహిస్తాయి కాబట్టి, సులువుగా విప్పగల ఆ భాగాన్ని విడిగా పీడనంతో పరీక్షించాకే ఇంజిన్ విప్పడం గురించి ఆలోచించాలి.

అతి చల్లదనం, ఆయిల్ వేడి

ఉష్ణోగ్రత ఉండవలసినదానికంటే తక్కువగా ఉండటం కూడా లోపమే. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ 60, 70 డిగ్రీల దగ్గరే తిరుగుతూ, అవసరానికి మించి పెట్రోలు తాగుతుంది. ఆయిల్‌లో చేరిన తేమ, ఇంధనం ఆవిరైపోక అరుగుదలను పెంచుతాయి. ఇంజిన్ కంప్యూటర్ దీనిని గుర్తించి పి0128 అనే సంకేతాన్ని నమోదు చేస్తుంది. మరోవైపు, ట్రాక్ మీద కూలెంట్ స్థిరంగా ఉండగానే ఆయిల్ ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరుగుతూ 130 డిగ్రీల వైపు సాగవచ్చు. వేడెక్కేకొద్దీ పలుచబడే ఆయిల్ బేరింగుల మధ్య పొరను నిలపలేని స్థితికి వస్తుంది గనుక, వేగంగా నడిపే కారులో ఆయిల్ ఉష్ణోగ్రతను, పీడనాన్ని కలిపి చూడాలి.

వేసవి లెక్క, ఆరోగ్యపు కొలత

రేడియేటర్ వదిలే వేడి, ద్రవానికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదానికి అనులోమంగా ఉంటుంది. 95 డిగ్రీల ద్రవానికి 20 డిగ్రీల గాలి తగిలితే భేదం 75. అదే కారు రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో నిలిస్తే భేదం 50, అంటే సామర్థ్యంలో మూడో వంతు ముందుగానే పోయినట్టు. ఏసీ కండెన్సర్ తన వేడిని కూడా అదే గాలిలో కలుపుతుంది. చల్లని దేశాల వాతావరణంలో దాగి ఉండే సగం లోపాలు తెలుగు నేల వేసవిలో పూర్తి లోపాలుగా బయటపడటానికి ఇదే కారణం. మట్టం తగ్గినప్పుడల్లా బోరు నీరు పోస్తే అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సన్నని గొట్టాల్లో పొలుసులుగా పేరుకుని మిగిలిన సామర్థ్యాన్ని కూడా హరిస్తాయి. ఖనిజాలు తీసివేసిన నీటినే వాడాలి.

తేడాలను చదవడం ద్వారానే నిర్ధారణ జరుగుతుంది కనుక, పోల్చి చూడటానికి ఒక ఆధారం ముందే చేతిలో ఉండాలి. కారు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే నిలకడ ప్రయాణంలో, ట్రాఫిక్‌లో, ఏసీ వేసి, వేయక స్కానర్ చూపిన అంకెలను, రేడియేటర్ పైపుల మధ్య తేడాను, ఆనాటి గాలి ఉష్ణోగ్రతతో సహా రాసి పెట్టుకున్న యజమాని, తరువాత ఏనాడో 5 డిగ్రీలు పెరిగినా, ముల్లు కదలకముందే దానిని గుర్తించగలుగుతాడు. అటువంటి కొలత లేకుండా మొదట థర్మోస్టాట్, ఆపై పంపు, ఆపై రేడియేటర్ అంటూ వరుసగా మార్చుకుంటూ పోతే ఖర్చు పెరుగుతుంది, అసలు లోపం ఈలోగా హెడ్‌ను వంచేస్తుంది. ఉష్ణోగ్రత హద్దు దాటిన క్షణంలో చేయవలసినది ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తెరిచి, వీలైనంత త్వరగా కారును పక్కకు తీసి ఇంజిన్ ఆపడం. అల్యూమినియం హెడ్ వంగకముందు ఆగిన ఇంజిన్‌కు మరమ్మతు తరచుగా ఒక హోసుతోనో, ఒక రెసిస్టర్‌తోనో, ఒక మూతతోనో ముగుస్తుంది.